ఒళ్లో బిడ్డకి సీటు లేదు: ఈ లెక్క ఎక్కడ మొదలైంది

మొన్న ఏప్రిల్‌లో మా చెల్లెల్ని అమెరికా పంపడానికి దేవనహళ్లిలోని బెంగళూరు ఎయిర్‌పోర్టుకి వెళ్లాం. నేను, మా ఆయన మారతహళ్లి నుంచి వెళ్తే అమ్మ, నాన్న అనంతపురం నుంచి నేరుగా హైవే మీదే వచ్చేశారు. మా వైపు వాళ్లకి హైదరాబాద్ కంటే ఈ ఎయిర్‌పోర్టే దగ్గర, 44వ నంబర్ హైవే దాని పక్కనుంచే పోతుంది కదా. చెల్లెలు ఒక్కతే, చంకలో తొమ్మిది నెలల పాప, చెయ్యి పట్టుకుని నాలుగేళ్ల బాబు, భుజాన రెండు బ్యాగులు, అందులో ఒకటి మొత్తం డైపర్లు, ఉగ్గు డబ్బా, పాల పొడి, రెండు జతల బట్టలు, అమ్మ కట్టిచ్చిన రాగిపిండి. మధ్యలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి ఐదు గంటలు కూర్చోవాలి, అంతా కలిపితే ఇరవై ఆరు గంటల పైమాటే. అందరం "పాపం, ఒక్కతే ఇద్దరితో ఎలా వెళ్తుందో" అనుకున్నామే గానీ ఆ పాపకి అన్ని గంటలు సొంతంగా ఒక సీటు ఎందుకు లేదు అని మాత్రం ఎవరం అనుకోలేదు. ఇన్ఫాంట్ టికెట్ అంటే ఒళ్లోనే కదా, అది ఎప్పటినుంచో ఉన్నదే కదా అన్నట్టు ఉండిపోయాం.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు, ఈ ఎప్పటినుంచో అనేది ఎప్పటినుంచి అని వెతకడం మొదలుపెట్టాను. తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నా.

మన దేశం నుంచి బయటికి మన సొంత విమానం మొదట ఎగిరింది 1948 జూన్ 8న, ఎయిర్ ఇండియా వాళ్ల 'మలబార్ ప్రిన్సెస్', బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కి. న్యూయార్క్‌కి వెళ్లడం 1960 మే నెలలో మొదలైంది, బోయింగ్ 707 వచ్చాక. అప్పట్లో విమానం ఎక్కేవాళ్లే తక్కువ, చంటిపిల్లలతో ఎక్కేవాళ్లు ఇంకా తక్కువ. అప్పటి విదేశీ విమానాల ఫోటోలు చూస్తే సీట్ల పైన సామాన్లు పెట్టే అరకి చిన్న ఉయ్యాల లాంటిది వేలాడగట్టి అందులో బిడ్డని పడుకోబెట్టేవాళ్లు, పక్కన ఎయిర్‌హోస్టెస్ నవ్వుతూ నిలబడి ఉంటుంది. అసలు 1930లో అమెరికాలో మొట్టమొదటి ఎయిర్‌హోస్టెస్‌గా చేరిన ఎలెన్ చర్చ్ నర్సు, ఆమెతో పాటు తీసుకున్నవాళ్లూ నర్సులే, కాబట్టి పిల్లల్ని చూసుకోవడానికి మనిషి ఉంది అన్న భరోసా మొదట్నుంచీ ఉండేది. మంచి విషయమే. కానీ ఆ భరోసాలో బిడ్డకంటూ బెల్టుతో ఒక చోటు ఉండాలి అన్న ఆలోచన లేదు.

తర్వాత 1953లో అమెరికా విమాన నియమాల్లో రెండేళ్ల లోపు పిల్లల్ని పెద్దవాళ్లు ఒళ్లో పెట్టుకోవచ్చు, వాళ్లకి వేరే సీటు బెల్టు అక్కర్లేదు అని రాశారు. అప్పటికి కార్లలో కూడా బెల్టులు సరిగ్గా లేవు, ప్రమాదంలో బిడ్డని కాపాడే చైల్డ్ సీటు ఇంకా రాలేదు, అందుకని ఆ రోజుకి అది వింతగా అనిపించి ఉండదు. ఇటు టికెట్ ధరలన్నీ ఐయాటా (ప్రపంచ విమాన సంస్థల సంఘం) మీటింగుల్లో ఎయిర్‌లైన్స్ కలిసి కూర్చుని ఖరారు చేసే రోజులు అవి, సీటు లేని బిడ్డకి పెద్దవాళ్ల ఛార్జీలో 10 శాతం అనే లెక్క ఆ పద్ధతిలోనే స్థిరపడింది, ఈరోజుకీ ఇంటర్నేషనల్ టికెట్లలో చాలా చోట్ల అదే నడుస్తోంది. అంటే ఒకవైపు నియమం, ఇంకోవైపు ధర, రెండూ కలిసి రెండేళ్ల లోపు బిడ్డని పాసింజర్‌కి, సామానుకి మధ్యలో ఎక్కడో ఉంచేశాయి. నా మాట కటువుగా ఉందేమో గానీ పాప ఒళ్లో కూర్చున్న అన్ని గంటలూ మా చెల్లెలు అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయిందని విన్నాక నాకు ఇలాగే రాయాలనిపించింది.

ఈ నియమాన్ని గట్టిగా కదిలించిన ఘటన 1989 జూలై 19న జరిగింది. యునైటెడ్ 232 అనే ఫ్లైట్, డీసీ-10 విమానం, డెన్వర్ నుంచి షికాగో వెళ్తుంటే తోకలో ఉన్న ఇంజిన్ పగిలి విమానాన్ని అదుపు చేసే హైడ్రాలిక్స్ మొత్తం పోయాయి, పైలట్లు ఎలాగో సూ సిటీ దాకా తెచ్చి దించే ప్రయత్నం చేశారు. ఉన్నది 296 మంది, చనిపోయినవాళ్లు 112 మంది. విమానంలో ఒళ్లో ప్రయాణం చేస్తున్న చిన్నపిల్లలు నలుగురు ఉన్నారు. దిగబోయే ముందు క్యాబిన్ క్రూకి హెడ్‌గా ఉన్న జాన్ బ్రౌన్ అనే ఆవిడ, తనకి నేర్పిన పద్ధతి ప్రకారమే, పిల్లల్ని కింద నేల మీద దుప్పట్లు, దిండ్ల మధ్య పెట్టి పట్టుకోమని తల్లిదండ్రులకి చెప్పింది. పద్ధతే అది. అంత వేగంతో నేలకి తగిలినప్పుడు ఏ తల్లి చేతులూ బిడ్డని ఆపలేవు. ఆ నలుగురిలో ఇరవై రెండు నెలల బాబు చనిపోయాడు. పదకొండు నెలల పాప ఏడుపు విని ఒక ప్రయాణికుడు పొగలోంచి మళ్లీ లోపలికి వెళ్లి ఎత్తుకొచ్చాడు.

బయటపడ్డాక ఆ బాబు తల్లి కొడుకు కోసం మళ్లీ విమానంలోకి వెళ్లబోతుంటే ఆపింది జాన్ బ్రౌనే. ఆవిడ తర్వాత ఏళ్ల తరబడి, రిటైర్ అయ్యాక కూడా, ఒళ్లో పిల్లల పద్ధతి తీసెయ్యమని అమెరికా ప్రభుత్వం చుట్టూ తిరిగింది. ప్రమాదాలని విచారించే ఎన్‌టీఎస్‌బీ కూడా 1990లోనే ప్రతి బిడ్డకీ బెల్టు ఉన్న సీటు తప్పనిసరి చెయ్యమంది. కానీ నియమాలు చేసే ఎఫ్ఏఏ ఒప్పుకోలేదు, 2005లో మళ్లీ అదే చెప్పింది. వాళ్ల వాదన ఏంటంటే, బిడ్డకి కూడా టికెట్ కొనాలంటే చాలా కుటుంబాలు విమానం మానేసి కార్లో వెళ్తాయి, రోడ్డు మీద ప్రమాదాలు ఎక్కువ, మొత్తం మీద ఎక్కువమంది పిల్లలు పోతారు అని. అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అయితే ఈ లెక్కలో అర్థం ఉంది, నేను కాదనను. కానీ బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి కార్లో ఎవరు వెళ్తారు, చెన్నై నుంచి లండన్‌కి రోడ్డు ఎక్కడుంది. మధ్యలో సముద్రాలున్న ప్రయాణాలకి ఆ వాదన పనికిరాదు, అయినా నియమం మాత్రం రెండింటికీ ఒకటే.

యూరప్ వైపు వేరే దారి పట్టారు, ఒళ్లో బిడ్డకి చిన్న లూప్ బెల్టు ఇస్తారు, అది తల్లి బెల్టుకి తగిలిస్తారు, మన దగ్గర కూడా చాలా ఫ్లైట్లలో అదే ఇస్తారు. అమెరికా వాళ్లు టేకాఫ్, ల్యాండింగ్ టైంలో దాన్ని ఒప్పుకోరు, గట్టి కుదుపు వస్తే పెద్దవాళ్ల ఒళ్లు బిడ్డని నలిపేస్తుందని టెస్టుల్లో కనపడింది. ఇది చదివాక నాకు చేతులు చల్లబడ్డాయి, నేను కూడా మావాడికి అదే బెల్టు తగిలించుకుని హాయిగా కూర్చున్నదాన్నే.

ఇప్పుడు మన ఊరి సంగతి. తొంభైల్లో, అందులోనూ వైటుకే (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న భయం) టైంలో, తెలుగు ఇళ్ల నుంచి పిల్లలు అమెరికా వెళ్లడం ఊపందుకుంది. హెచ్1బీ వీసాల కోటా మామూలుగా 65,000 ఉండేది, 2001 నుంచి 2003 దాకా 1,95,000కి పెంచారు. వెళ్లినవాళ్లకి పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, ఇక అన్నప్రాసనకి ఒకసారి, పుట్టువెంట్రుకలకి ఒకసారి, తమ్ముడి పెళ్లికి ఒకసారి అని పాలుతాగే పిల్లల్ని ఎత్తుకుని రావడం మొదలైంది. అప్పుడు బెంగళూరులో ఉన్నది పాత హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టే, దూరదేశాలకి నేరుగా వెళ్లే ఫ్లైట్లు వేళ్ల మీద లెక్కపెట్టేవి, చాలామంది బొంబాయో మద్రాసో వెళ్లి అక్కడ ఎక్కేవాళ్లు. మా పెద్దమ్మ కూతురు 2003లో ఆరు నెలల పిల్లతో మూడు విమానాలు మారి వచ్చింది, దిగేసరికి మనిషి గుర్తుపట్టలేనట్టు ఉంది. 2008 మే 24న దేవనహళ్లి ఎయిర్‌పోర్టు తెరిచారు, ఇంటర్నేషనల్ ఫ్లైట్లన్నీ 2023 సెప్టెంబర్‌లో అక్కడి రెండో టెర్మినల్ టీ2కి మారాయి.

ఈ లోపు ఇంకో పెద్ద మార్పు. 2006 ఆగస్టు 10న లండన్ నుంచి అమెరికా వెళ్లే విమానాల్ని ద్రవ పేలుడు పదార్థాలతో పేల్చే కుట్ర బయటపడింది, రాత్రికి రాత్రి చేతి సామాన్లు నిషేధించారు, బిడ్డ పాలు తీసుకెళ్లాలంటే తల్లో తండ్రో సెక్యూరిటీ ముందు తాగి చూపించాలన్నారు. ఆ నవంబర్‌లో యూరప్‌లో 100 మిల్లీలీటర్ల నియమం వచ్చింది, అదే మెల్లగా చాలా దేశాలకి పాకింది. చిన్నపిల్లల పాలకి, తిండికి ప్రయాణానికి సరిపడా మినహాయింపు ఉంది, మన దగ్గరా ఉంది, కానీ అది కౌంటర్‌లో నిలబడ్డ మనిషికి గుర్తుండాలి. మా చెల్లెలు మధ్యలో దిగినచోట ఫ్లాస్కులో వేడినీళ్లు పారబోయించారు, పాల పొడి ఉంచుకోమన్నారు. పొడి పెట్టుకుని ఏం చేస్తుంది. ఒక కాఫీ షాపులో అమ్మాయి అడగకుండానే నీళ్లు కాచి ఇచ్చింది, ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

ఇంకొకటి చెప్పి తీరాలి. పిల్లలు ఫ్లైట్లో పడుకోవాలని ఫెనర్గాన్ లాంటి సిరప్ పట్టించెయ్యమని సలహాలిచ్చే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు, మా ఇంట్లోనూ ఉన్నారు, ప్రేమతోనే చెప్తారు. అందులో ఉండేది ప్రోమెథజీన్, రెండేళ్ల లోపు పిల్లలకి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2004, 2005 టైంలో దాని మీద అన్నిటికంటే గట్టి హెచ్చరిక వేయించింది. దయచేసి పట్టించకండి. దిగేటప్పుడు చెవి నొప్పికి ఏడిస్తే పాలు ఇవ్వండి, మింగుతుంటే చెవి లోపలి ఒత్తిడి సర్దుకుంటుంది.

మనుషుల ఓర్పు కూడా ఈ కాలంలోనే తగ్గింది. 2013లో ఎయిర్ ఏషియా ఎక్స్ పిల్లలు లేని వరసలు పెట్టింది, 2016లో మన ఇండిగో కూడా కొన్ని వరసల్లో పన్నెండేళ్ల లోపు పిల్లల్ని కూర్చోబెట్టం అంది. డబ్బులిచ్చి సీటు ఎంచుకునే పద్ధతి వచ్చాక ఇంకో బాధ, డబ్బులు కట్టకపోతే తల్లి ఒక చోట, బిడ్డ ఇంకో చోట. ఇది ఎంత దాకా వచ్చిందంటే 2024 ఏప్రిల్‌లో మన దేశంలో విమానాల నియమాలు చూసే డీజీసీఏ, ఒకే పీఎన్ఆర్ మీద వెళ్లే పన్నెండేళ్ల లోపు పిల్లల్ని కనీసం ఒక్క పెద్దవాళ్ల పక్కన కూర్చోబెట్టి తీరాలని ఎయిర్‌లైన్స్‌కి ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది.

2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిర్ ఇండియా నాన్‌స్టాప్ వచ్చినప్పుడు మా ఇంట్లో పండగే. దాదాపు 16,000 కిలోమీటర్లు, ఉత్తర ధ్రువం మీదుగా, కాక్‌పిట్‌లో అందరూ మహిళలే, కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు కెప్టెన్ పాపగారి తన్మయి పేరు పేపర్లో చూసి అమ్మ మురిసిపోయింది. పిల్లల తల్లులకి లేఓవర్ లేకపోవడం కంటే పెద్ద వరం లేదు. కానీ నాన్‌స్టాప్ అంటే ఒకే సీట్లో, ఒకే ఒళ్లో పదిహేడు గంటలు కూడా. ముందు గోడకి తగిలించే బేసినెట్, అంటే చిన్న ఉయ్యాల, దొరికితే అదృష్టం, అవి ఉండేవి కొన్నే, బరువు ఇంత దాటితే ఇవ్వరు, కుదుపులొచ్చి బెల్టు లైటు వెలిగిన ప్రతిసారీ నిద్రపోతున్న బిడ్డని లేపి మళ్లీ ఒళ్లోకి తీసుకోవాలి. ఆ కుదుపులు ఎలా ఉంటాయో 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్లే ఎస్‌క్యూ321లో చూశాం, ఒకరు చనిపోయారు, బ్యాంకాక్ ఆసుపత్రిలో చేరినవాళ్లలో రెండేళ్ల బిడ్డ కూడా ఉంది. ఆ ఏడాది జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం గోడ ముక్క గాల్లో ఊడిపోయినప్పుడు అందులో ముగ్గురు ఒళ్లో పిల్లలున్నారు. ఆ రంధ్రం పక్క సీట్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

చెల్లెలు డిసెంబర్‌లో మళ్లీ వస్తోంది, మా నాన్న షష్టిపూర్తికి. అప్పటికి పాపకి పదిహేడు నెలలు, నియమం ప్రకారం ఇంకా ఒళ్లోనే. ఈసారి సీటు కొందాం, అమెరికా కార్ సీట్ల మీద విమానంలో వాడొచ్చని ఎర్ర అక్షరాల్లో రాసి ఉంటుంది, అది ఉందో లేదో చూసుకో అని చెప్పాను. సీటుకి అయ్యే ఖర్చులో సగం నేను పెట్టుకుంటానన్నా. మా మరిది ఇంకా లెక్కలేస్తున్నాడు. నాన్న మాత్రం ఫోన్లో ఇదంతా విని, షష్టిపూర్తికి అనుకున్న పట్టుబట్టలు తగ్గించుకుందాం, ముందు ఆ పిల్లకి సీటు కొనండి అన్నాడు.