వెచ్చటి హాలు మీద మనవాళ్ళ అపోహలు

2022 అక్టోబరులో బ్రిటన్‌లో ధరల పెరుగుదల రేటు 11.1 శాతానికి చేరింది. ఆ చలికాలంలోనే లైబ్రరీలు, చర్చి హాళ్ళు, గురుద్వారాలు ‘వార్మ్ స్పేస్’ అని బోర్డు పెట్టి తలుపులు తీశాయి. ఎవరైనా రావచ్చు, కాసేపు వెచ్చగా కూర్చోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన మిడ్‌ల్యాండ్స్‌లో అలాంటి ఒక చర్చి హాల్లో నేను బుధవారం బ్యాచ్ వాలంటీర్‌ని. ఈ పని గురించి ఇక్కడి తెలుగువాళ్ళ దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: అది ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో దాదాపు అందరికీ ఇల్లుంది, కొందరికి సొంతిల్లే. ఆ ఇంటిని వెచ్చగా ఉంచుకోవడమే కష్టం. 2021 అక్టోబరులో సగటు వాడకం ఉన్న ఇంటికి గ్యాసు, కరెంటు కలిపి ఏడాది ధరల పరిమితి 1,277 పౌండ్లు. ఏడాది తిరిగేసరికి, ప్రభుత్వం అడ్డుపడి ఆపినా అది 2,500 అయింది. పెన్షన్ అలా రెట్టింపు కాదు కదా.

అపోహ: 2,500 దాటి బిల్లు రాదని ప్రభుత్వమే హామీ ఇచ్చింది.

అప్పటి ప్రధాని లిజ్ ట్రస్ కూడా రేడియోలో ఇలాగే చెప్పి మాటపడ్డారు. పరిమితి ఉన్నది యూనిట్ ధర మీద, వాడినా వాడకపోయినా రోజూ పడే స్టాండింగ్ చార్జీ మీద. మొత్తం బిల్లు మీద కాదు. ఎక్కువ కాలిస్తే ఎక్కువే కట్టాలి.

ముందే డబ్బు వేసుకుని వాడుకునే ప్రీపేమెంట్ మీటరున్న ఇళ్ళ సంగతి ఇంకా చిక్కు. వేసవిలో గ్యాసు ముట్టుకోకపోయినా స్టాండింగ్ చార్జీ రోజూ పడుతూనే ఉంటుంది. మీటర్లో డబ్బు లేకపోతే అది బాకీగా పేరుకుంటుంది. నవంబరులో చలి మొదలయ్యాక మూలమీది కొట్లో పది పౌండ్లు టాప్ అప్ చేయించుకుని ఇంటికెళ్తే, అందులో కొంత పాత బాకీకి పోతుంది. ‘నిన్ననేగా వేశాను, అప్పుడే అయిపోయిందేంటి’ అంటూ మీటరు రసీదు పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళున్నారు. అందుకే టీ పోసే మనిషితో పాటు, బిల్లు చదవడం తెలిసిన మనిషి ఒకరు ఉండాలంటాను.

అపోహ: అక్కడికెళ్తే వీసాకి ఎసరు.

మన స్టూడెంట్లని గుమ్మం దగ్గరే ఆపేసే భయం ఇదే. ఒకబ్బాయి లోపలికి రాకుండానే అడిగాడు: “అక్కా, ఇక్కడ పేరు రాస్తే హోమ్ ఆఫీసుకి వెళ్తుందా?” (హోమ్ ఆఫీసంటే వీసాలు చూసే ప్రభుత్వ శాఖ.) వెళ్ళదు నాన్నా, అసలు మేం పేరే రాయం. వీసా మీద ‘పబ్లిక్ ఫండ్స్’ వాడకూడదని ఉంటుంది, నిజమే. అవి ప్రభుత్వమిచ్చే ఫలానా ఫలానా భత్యాలు. స్వచ్ఛంద సంస్థ పెట్టిన టీ, ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకు ఇచ్చిన సంచీ ఆ లెక్కలోకి రావు. కౌన్సిల్, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వం, ఇచ్చే నగదు సాయం మాత్రం వేరు. దానికి అప్లై చేసేముందు ఇమిగ్రేషన్ విషయాలు తెలిసినవాళ్ళని కచ్చితంగా అడగండి.

అపోహ: రెండు స్వెటర్లు, ఒక రజాయి ఉంటే ఏ హాలూ అక్కర్లేదు.

ఒంటికి స్వెటర్ తొడగొచ్చు, పీల్చే గాలికి తొడగలేం. గది కనీసం 18 డిగ్రీలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, వయసు మళ్ళినవాళ్ళకి గుండెపోటు ముప్పూ పెరుగుతుంది. పైగా హీటింగ్ ఆపేసి, కిటికీలు బిగించి, గదిలోనే బట్టలారేస్తే గోడలకి బూజు పడుతుంది.

అపోహ: హీటర్, టీ కెటిల్ ఉంటే వార్మ్ స్పేస్ అయిపోయినట్టే.

అసలు పనంతా మొహమాటం పోగొట్టడంలోనే ఉంది. అభిమానం ఉన్న మనిషి ‘నాకు చలేస్తోంది’ అని నోరు తెరిచి అడగడు. పేపరు చదువుకోవడానికొచ్చా, ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికొచ్చా అంటాడు. కాబట్టి పేపరు ఉండాలి, ప్లగ్ పాయింట్లుండాలి. విరాళాల డబ్బా గుమ్మం దగ్గర పెట్టకూడదు. మేం వంటగది కిటికీ పక్కన పెట్టాం, వేయాలనుకున్నవాళ్ళు వెతుక్కుని మరీ వేస్తారు. బల్లలు వరసగా వేస్తే ఆస్పత్రి వెయిటింగ్ రూములా ఉంటుంది. నాలుగు కుర్చీల చొప్పున గుంపులుగా వేసి, ఒక బల్ల మీద సగం పేర్చిన జిగ్సా పజిల్ వదిలేస్తాం. ఒక పెద్దాయన చాలా వారాలు కోటు గుండీ కూడా విప్పకుండా అంచునే కూర్చుని వెళ్ళిపోయేవాడు. మా మడత కుర్చీ ఒకటి బిగుసుకుపోతే ‘కాస్త చూస్తారా’ అని అడిగాం. కోటు తీసి కుర్చీకి తగిలించి పనిలో దిగాడు. ఇప్పుడు సామాన్లు సర్దే బాధ్యత ఆయనదే.

అపోహ: ఇంట్లో పులిహోర కలిపి పట్టుకెళ్తే పుణ్యమే, ఎవరేమంటారు?

మనసు మంచిదే. కానీ ఇక్కడ తప్పక చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల జాబితాలో ఆవాలు, నువ్వులు, వేరుశనగ మూడూ ఉన్నాయి. మన పోపు సగం అక్కడే దొరికిపోతుంది! ఏమేం వేశారో చీటీ రాసి పెట్టండి. అన్నం వండాక గంటల తరబడి బల్లమీద వదలొద్దు. క్రమం తప్పకుండా భోజనం పెట్టేట్టయితే 28 రోజుల ముందే కౌన్సిల్లో నమోదు చేయించాలి, దానికి రుసుము లేదు.

అపోహ: ధరలు దిగాయిగా, ఇంకా ఎందుకు?

2025 అక్టోబరులో అదే పరిమితి 1,755 పౌండ్లు. 2022తో పోలిస్తే తక్కువే, 2021 మీద ఎక్కువే. అప్పటి బాకీలు ఇంకా తీర్చుకుంటున్నవాళ్ళున్నారు. చాలామందికి తెలియనిది ఇంకోటి: ఆ పరిమితి ఇళ్ళకే, చర్చి హాళ్ళకి వర్తించదు. మా ఖర్చుల్లో మొదటి పద్దు టీ, పాలు కాదు, హాలు గ్యాసు బిల్లు. సాయం చేస్తామని ఫోన్ చేసే మనవాళ్ళు బిస్కెట్లు ఎన్ని ప్యాకెట్లు కావాలని అడుగుతారు. బిస్కెట్లు డిసెంబరులో అలమారా నిండా వస్తాయి. గ్యాసు బిల్లుకి ఏమైనా ఇవ్వగలరా, ఫిబ్రవరి బుధవారాల్లో పదింటికి తాళం తీయడానికి రాగలరా అని నేను అడుగుతాను.