ఆరు నెలల ఫార్మసీ సర్టిఫికెట్‌తో మెడికల్ షాపు పెట్టొచ్చా? అపోహలు - వాస్తవాలు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, తల్లిదండ్రుల నుంచి ఇదే ప్రశ్న: "మా అమ్మాయి చేత ఆరు నెలల ఫార్మసీ టెక్నీషియన్ కోర్సు చేయిస్తే ఫార్మసిస్టు అయిపోతుందట, సొంతంగా షాపు పెట్టుకోవచ్చట, నిజమేనా?" నిజం కాదు. ఎక్కువ కుటుంబాలు డబ్బు, ఏడాది కాలం పోగొట్టుకుంటున్నది ఈ ఒక్క అపోహ వల్లే. అందుకే ముందు దీన్ని తేల్చేద్దాం.

ఫార్మసీ చట్టం 1948, సెక్షన్ 42 ప్రకారం డాక్టరు చీటీ మీద మందు కలిపి ఇవ్వాలన్నా, తీసి ఇవ్వాలన్నా రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ చేసేది రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్. ఆ రిజిస్ట్రేషన్‌కు కనీస చదువు డి.ఫార్మసీ, అంటే ఫార్మసీ డిప్లొమా. బి.ఫార్మసీ, ఫార్మ్.డి వాళ్లకూ వస్తుంది. అసిస్టెంట్, టెక్నీషియన్, ఎయిడ్ అని ఏ పేరు పెట్టినా, ఆరు నెలలదైనా ఏడాదిదైనా, ఆ సర్టిఫికెట్ పట్టుకుని కౌన్సిల్‌కు వెళ్తే దరఖాస్తు కూడా తీసుకోరు. షాపు యజమాని ఎవరైనా కావచ్చు, అందులో అడ్డంకి లేదు. కానీ రిటైల్ లైసెన్సుకు, అంటే ఫారం 20, 21లకు, రిజిస్టర్డ్ ఫార్మసిస్టును చూపించాలి. చీటీ మందులు ఆయన చేతుల మీదుగానో, ఆయన దగ్గరుండి చూస్తుండగానో బయటికి వెళ్లాలి. గదికి కనీసం 10 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. హోల్‌సేల్ కూడా కలిపితే 15.

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది? రెండు పాత నిజాలు కలగాపులగం కావడం వల్ల. మొదటిది: 1948లో చట్టం వచ్చినప్పుడు, అప్పటికే ఆసుపత్రుల్లో ఐదేళ్లు కాంపౌండర్లుగా పనిచేసిన వాళ్లను తొలి రిజిస్టర్‌లో చేర్చుకున్నారు. ఆ తలుపు ఎప్పుడో మూసేశారు. పదిహేనేళ్లు కౌంటర్ దగ్గర నిలబడినా ఇప్పుడు అనుభవం మీద రిజిస్ట్రేషన్ రాదు. రెండోది: హోల్‌సేల్ లైసెన్సుకు ఫార్మసిస్టే కానక్కర్లేదు. పదో తరగతి పాసై మందుల వ్యాపారంలో నాలుగేళ్ల అనుభవం ఉన్నా, డిగ్రీతో పాటు ఏడాది అనుభవం ఉన్నా సరిపోతుంది. "టెన్త్ పాసైతే లైసెన్సు వస్తుంది" అన్న మాట అక్కడిది. రిటైల్‌కు అది వర్తించదు.

డి.ఫార్మసీలో చేరాలంటే ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ చదివి ఉండాలి. సీఈసీ చదివిన పిల్లలకు "ముందు సర్టిఫికెట్ కోర్సు చెయ్యి, తర్వాత డి.ఫార్మసీలో కలిపేస్తాం" అని చెప్పి ఫీజు కట్టించుకుంటున్నారు. అలా కలపడం కుదరదు. కోర్సు రెండేళ్లు. ఆపైన కనీసం మూడు నెలల పాటు, 500 గంటలకు తగ్గకుండా ప్రాక్టికల్ ట్రైనింగ్. దూరవిద్యలో చేసిన డి.ఫార్మసీ చెల్లదు. కోర్సు పాసయ్యాక రిజిస్ట్రేషన్‌కు ముందు రాయాల్సిన ఎగ్జిట్ పరీక్ష నిబంధన 2022లో వచ్చింది, తొలి పరీక్ష 2024 అక్టోబర్‌లో జరిగింది. మూడు పేపర్లు, ఒక్కోదాంట్లో 50 శాతం రావాలి. మీ బ్యాచ్‌కు అది వర్తిస్తుందో లేదో కాలేజీ ఏజెంటును కాదు, కౌన్సిల్‌ను అడగండి.

ఫీజు కట్టే ముందు మూడు పనులు చేయండి. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు డి.ఫార్మసీ కిందే ఉందా, ఈ విద్యా సంవత్సరానికి ఆమోదం ఉందా చూడండి. నిరుటి ఆమోదం ఈ ఏటికి పనికిరాదు. పరీక్ష పెట్టేది రాష్ట్ర సాంకేతిక విద్యా, శిక్షణ మండలి (ఎస్‌బీటీఈటీ)యేనా అని అడగండి. మన రెండు రాష్ట్రాల్లోనూ డి.ఫార్మసీ పరీక్షలు ఆ బోర్డే నిర్వహిస్తుంది. చివరగా, సీనియర్ల మార్కుల మెమో ఒకటి చూపించమనండి. బ్రోషర్ ముందు పెట్టి, మెమో రేపు చూపిస్తామన్నారంటే లేచి వచ్చేయండి.

ఇప్పటికే సర్టిఫికెట్ కోర్సులో చేరినవాళ్లు బెంబేలెత్తిపోకండి. అది దండగ కాదు. కౌంటర్ సహాయకులుగా, స్టాక్, బిల్లింగ్, ఆసుపత్రి స్టోర్ పనుల్లో దానికి విలువ ఉంది. ఆ పనికి ఏం రావాలో మాత్రం తెలిసి ఉండాలి.

"మెడికల్ టెర్మినాలజీ అంటే చీటీ మీద రాసే బీడీ, టీడీఎస్, హెచ్ఎస్ లాంటి పొడి అక్షరాలు బట్టీ పట్టడమే" అనేది మరో అపోహ. బట్టీ అక్కరకు రాదు. క్యూడీ అంటే రోజుకొకసారి, క్యూఐడీ అంటే నాలుగుసార్లు. గజిబిజి రాతలో ఒక్క అక్షరం తప్పు చదివితే మందు నాలుగింతలు పడుతుంది. ఓడీ అంటే మన దగ్గర రోజుకొకసారి, కంటి డాక్టరు చీటీలో కుడి కన్ను. ఏ డాక్టరు, ఏ మందు, ఏ జబ్బు అన్న మూడూ కలిపి చదవడం నేర్పేదే టెర్మినాలజీ.

"లెక్కలు డాక్టరు చూసుకుంటాడు, మనకెందుకు" అనేవాళ్లకు ఒక లెక్క. 12 కిలోల పిల్లవాడికి కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ 180 మిల్లీగ్రాములు. 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 7.2 మి.లీ. 250 ఉన్నదైతే 3.6. మి.లీ.కి 100 ఉన్న డ్రాప్స్ అయితే 1.8. సిరప్ అయిపోయిందని డ్రాప్స్ సీసా తీసిచ్చి అదే 7.2 మి.లీ. పట్టమంటే బిడ్డ ఒంట్లోకి వెళ్లేది 720 మిల్లీగ్రాములు, నాలుగింతలు. సీసా మారితే కొలత మారుతుంది. అందుకే మందు గాఢత మార్చి ఇచ్చే ముందు ఫార్మసిస్టును పిలవాలి.

ఇన్సులిన్ దగ్గర ఇంకా జాగ్రత్త. ఎర్ర మూత సిరంజి మి.లీ.కి 40 యూనిట్లున్న వయల్‌కు (మందు సీసాకు), నారింజ మూతది మి.లీ.కి 100 యూనిట్లున్న దానికి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపల ఉండేది 50 యూనిట్లు. అరచేతిలో వయల్, సిరంజి పక్కపక్కన పెట్టి రెండింటి మీదా అంకె చదివాకే కవర్లో వేయాలి. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. గడ్డకట్టిందంటే పారేయాల్సిందే, కరిగించి అమ్మకూడదు.

పొడి రూపంలో వచ్చే పిల్లల డ్రై సిరప్‌లో కాచి చల్లార్చిన నీళ్లు కొంచెం పోసి, బాగా ఊపి, నురగ తగ్గాక మళ్లీ గీత వరకు పోయాలి. ఒకేసారి గీత దాకా పోస్తే పొడి కరిగాక మట్టం దిగి, డోసు చిక్కబడుతుంది.

"రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అద్దెకిస్తే నెలనెలా డబ్బులు, తప్పేముంది?" తప్పే. షాపులో మీరు లేనప్పుడు అమ్మిన మందుకూ మీ పేరే జవాబు చెప్పాలి. రిజిస్టర్ నుంచి పేరు తీసేసే అధికారం కౌన్సిల్‌కు ఉంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అడిగేది వేరు: అక్కడ టెక్నీషియన్‌గా చేరి మెల్లగా ఫార్మసిస్టు కావచ్చా అని. టెక్నీషియన్ అక్కడ వేరే వృత్తి. నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. టెక్నీషియన్లకు సర్టిఫికెట్ ఇచ్చే పీటీసీబీ బోర్డు పరీక్షకు గుర్తింపు పొందిన శిక్షణ గానీ, 500 గంటల పని అనుభవం గానీ కావాలి. పరీక్షలో 90 ప్రశ్నలు, పాస్ స్కోరు 1400. ఆ ఉద్యోగం ఎన్నేళ్లు చేసినా ఫార్మసిస్టు లైసెన్సు రాదు. మన దేశంలోని నాలుగేళ్ల బి.ఫార్మసీని 2003 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పూర్తిచేసినవాళ్లకు, విదేశాల్లో చదివిన ఫార్మసీ పట్టభద్రులకిచ్చే ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ దారి కూడా లేదు, దానికి ఐదేళ్ల కోర్సు కావాలి. ఆరేళ్ల ఫార్మ్.డి వాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చు.