స్టేజీ మీద ఒకరు, తెర మీద ఇంకొకరు: ఈ పేచీ ఎప్పటిది?

1965 ఏప్రిల్ 5న ఆస్కార్ వేదిక మీద రెక్స్ హారిసన్ కాస్త ఇరుకున పడ్డాడు. ‘మై ఫెయిర్ లేడీ’కి ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. దాన్ని చేతికి అందించింది ఆ సినిమాలో నాయిక ఎలైజాగా వేసిన ఆడ్రీ హెప్‌బర్న్. ఎదురుగా కూర్చున్నవాళ్లలో జూలీ ఆండ్రూస్ ఉంది. న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో అతని పక్కన అదే ఎలైజా వేషం కట్టి పేరు తెచ్చుకున్నా, సినిమా దగ్గరకొచ్చేసరికి ఆమె అక్కర్లేకపోయింది. హారిసన్ ‘ఇద్దరు ఫెయిర్ లేడీల’కూ ప్రేమ పంచేసి గండం గట్టెక్కాడు. అదే రాత్రి ఉత్తమ నటి అవార్డు ఆండ్రూస్‌కి దక్కింది, ‘మేరీ పాపిన్స్’ అనే వేరే సినిమాకి. హెప్‌బర్న్‌కి అసలు నామినేషనే లేదు.

పాటల నాటకం ఏదైనా సినిమాగా వస్తోందని తెలియగానే ఇప్పటికీ మొదట లేచే గొడవ ఇదే. స్టేజీ మీద ఆ పాత్రకు ప్రాణం పోసినవాళ్లను వదిలేసి స్టార్‌ని ఎందుకు పెట్టారు, ఈ స్టార్‌కి పాడటం వచ్చా, వయసు సరిపోతుందా అని. ఈ ప్రశ్నల్లో కొత్తది ఒక్కటీ లేదు.

‘మై ఫెయిర్ లేడీ’ నాటకం 1956 మార్చిలో మొదలై బ్రాడ్‌వేలో 2,717 ప్రదర్శనలు ఆడింది. తొలి ప్రదర్శన నాటికి ఆండ్రూస్‌కి ఇరవై ఏళ్లు. వార్నర్ సినిమా సంస్థ అధిపతి జాక్ వార్నర్ 55 లక్షల డాలర్లు పోసి సినిమా హక్కులు కొన్నాడు. అంత పోసినవాడికి నిద్ర ఎలా పడుతుంది? న్యూయార్క్, లండన్ ప్రేక్షకులకు ఆండ్రూస్ అంటే ప్రాణమే, కానీ ఆ నాటకం మొహమే చూడని ఊళ్లలో కూడా సినిమా టికెట్లు తెగాలి. అప్పటికి ఆమె ఒక్క సినిమాలోనూ నటించలేదు. హెప్‌బర్న్ పేరు వినని ఊరు లేదు. పది లక్షల డాలర్లిచ్చి హెప్‌బర్న్‌ని తీసుకున్నాడు. హారిసన్ వేషానికి కూడా ముందు క్యారీ గ్రాంట్‌నే అడిగాడు. గ్రాంట్ ఒప్పుకోలేదు. హారిసన్‌ని పెట్టకపోతే సినిమా చూడను కూడా చూడనన్నాడని చెప్పుకుంటారు.

ఆండ్రూస్‌కి అన్యాయం జరిగిందని ఈ కథను చెప్పడం మామూలు. నాకైతే ఇందులో బీమా లెక్కే ఎక్కువ కనిపిస్తుంది. ఎందుకంటే ఇదే వార్నర్ సంస్థ అంతకు కొన్నేళ్ల ముందు నాటకం బృందాలను దాదాపు ఉన్నవాళ్లను ఉన్నట్టే తెచ్చుకుంది. 1957లో ‘ది పజామా గేమ్’ తీసినప్పుడు హీరో జాన్ రైట్‌తో సహా స్టేజీ మీది వాళ్లే చాలామంది ఉన్నారు, హీరోయిన్ ఒక్కచోట జానిస్ పేజ్‌ని తీసి డోరిస్ డేని పెట్టారు. మరుసటి ఏడాది ‘డామ్ యాంకీస్’లో తిరగేశారు. హీరోయిన్ గ్వెన్ వెర్డన్ స్టేజీ నుంచి వచ్చింది, హీరో స్థానంలో సినిమా కుర్రాడు టాబ్ హంటర్ చేరాడు. పోస్టర్ మీద వేయడానికి తెలిసిన పేరు ఒక్కటి ఉంటే చాలు, మిగతా అంతా నాటకం వాళ్లయినా ఫరవాలేదు. 1962లో ఇంకా వింత. వార్నర్ సంస్థ నుంచే రెండు పెద్ద మ్యూజికల్స్ వచ్చాయి. ‘ది మ్యూజిక్ మ్యాన్’లో రచయిత మెరిడిత్ విల్సన్ పట్టుబట్టడంతో రాబర్ట్ ప్రెస్టన్ తన వేషం తనే నిలబెట్టుకున్నాడు. ‘జిప్సీ’ని స్టేజీ మీద నడిపిన ఎథెల్ మెర్మన్ కోసం అలా పట్టుబట్టేవాళ్లు దొరకలేదు, రోజలిండ్ రస్సెల్ వచ్చింది. రస్సెల్ పాటలు చాలావరకు లీసా కర్క్ పాడింది.

ఇక ఆండ్రూస్ సంగతే చూడండి. ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ 1959లో బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు మరియా వేషం మేరీ మార్టిన్‌ది. 1965 సినిమాలో ఆ వేషం ఆండ్రూస్‌కి వెళ్లింది. మార్టిన్ అంతకుముందే ‘సౌత్ పసిఫిక్’ నాయిక పాత్రను 1958 సినిమాలో మిట్జీ గేనర్‌కి వదులుకుంది. ఆండ్రూస్ కోసం బాధపడినవాళ్లు మార్టిన్ కోసం అంతగా బాధపడిన దాఖలా నాకు కనిపించదు. సినిమా బాగా ఆడితే ఎవరి వేషం ఎవరు లాక్కున్నారో జనం అడగరు.

స్టార్‌ని పెట్టినప్పుడల్లా గొంతు సమస్య వస్తుంది. ఆ సమస్యను చాలాకాలం ఒకే మనిషి మోసింది. ఆమె పేరు మార్నీ నిక్సన్. ‘ది కింగ్ అండ్ ఐ’ (1956)లో డెబొరా కెర్‌కి, ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ (1961)లో నటాలీ వుడ్‌కి, ‘మై ఫెయిర్ లేడీ’లో హెప్‌బర్న్‌కి పాడింది ఆమే. మూడింట్లోనూ తెర మీద ఆమె పేరు లేదు. కెర్‌తో పని హాయిగా సాగింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, ఏ మాట కెర్ అనాలి, ఏ మాట దగ్గర నిక్సన్ అందుకోవాలి అని ముక్కముక్కా పంచుకున్నారు. తర్వాత ఆ విషయం బయటపెట్టింది కూడా కెర్‌నే.

నటాలీ వుడ్ దగ్గర అలా జరగలేదు. ఆర్కెస్ట్రా ముందు నిలబెట్టి ఆమెతో పాటలన్నీ పాడించారు, బాగుందన్నారు. ఆ ట్రాక్‌కే పెదవులు కదిలిస్తూ ఆమె సినిమా పూర్తి చేసింది. తెర మీద వినిపించేది తన గొంతేనని నమ్మింది. షూటింగ్ అయ్యాక నిక్సన్‌ని పిలిచి, అప్పటికే తీసేసిన వుడ్ పెదవుల కదలికకు సరిపోయేలా మొత్తం మళ్లీ పాడించారు. పాట ముందు, నటన తర్వాత అన్న మామూలు పద్ధతి తలకిందులైంది. వుడ్ ఎక్కడ శ్వాస తీసుకుంటే నిక్సన్ అక్కడే తీసుకోవాలి, వుడ్ తప్పు చోట ఆగితే తనూ ఆగాలి. ఇంత చేసినా సౌండ్‌ట్రాక్ ఆల్బమ్‌లో ఆమెకు వాటా లేకపోతే, స్వరకర్త లియొనార్డ్ బెర్న్‌స్టీన్ తన రాయల్టీలోంచి పావు శాతం ఇచ్చాడని నిక్సన్ చెప్పింది.

పాడటం వచ్చినవాళ్లకూ ఈ తిప్పలు తప్పలేదు. ‘సౌత్ పసిఫిక్’ నాటకంలో బ్లడీ మేరీ పాత్రకు జువానిటా హాల్ 1950లో టోనీ అవార్డు (బ్రాడ్‌వే నాటకాలకిచ్చే పెద్ద అవార్డు) గెలిచింది. టోనీ అందుకున్న తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆమె. సినిమాకి ఆమెనే తీసుకున్నారు. కానీ పాటలు మాత్రం లండన్‌లో ఆ వేషం వేసిన మ్యూరియల్ స్మిత్ చేత పాడించారు. ముఖం బ్రాడ్‌వేది, గొంతు లండన్‌ది!

‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో గొంతుకన్నా పెద్ద చిక్కు చర్మం రంగు. కరేబియన్ దీవి ప్యూర్టోరికో నుంచి న్యూయార్క్‌కి వచ్చిన కుర్రాళ్ల ముఠాకీ తెల్ల కుర్రాళ్ల ముఠాకీ మధ్య నడిచే కథ అది. ప్యూర్టోరికన్ నాయిక మరియాగా వేసిన వుడ్ తల్లిదండ్రులు రష్యా నుంచి వచ్చినవాళ్లు. ఆమె అన్నగా వేసిన జార్జ్ చకిరిస్ గ్రీకు కుటుంబం వాడు. తమాషా ఏమిటంటే అతను లండన్ స్టేజీ మీద ఎదుటి ముఠా నాయకుడి వేషం వేశాడు. నిజంగా ప్యూర్టోరికోలో పుట్టిన రీటా మొరెనోకి సైతం ఒకే ముదురు రంగు మేకప్ దట్టంగా పూశారు. మా మనుషులందరూ ఒకే రంగులో ఉండరని ఆమె అభ్యంతరం చెప్పినా విన్నవాళ్లు లేరు. చకిరిస్‌కీ మొరెనోకీ ఇద్దరికీ ఆస్కార్లు వచ్చాయి. 2021లో స్పీల్‌బర్గ్ మళ్లీ తీసినప్పుడు ఆ ముఠా పాత్రలకు లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లనే వెతికి పెట్టాడు. మొరెనో వేసిన అనీటా పాత్రకే అరియానా డిబోస్ ఆస్కార్ గెలిచింది. అదే ఏడాది వచ్చిన ‘ఇన్ ది హైట్స్’ మీద ఇంకో విమర్శ లేచింది. ముఖ్య పాత్రల్లో నల్లని చర్మం ఉన్న లాటినోలు ఎక్కడ అని అడిగారు. ఆ నాటకం సృష్టికర్త లిన్ మాన్యుయెల్ మిరాండా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

వయసు గొడవకి స్టేజీకీ కెమెరాకీ ఉన్న తేడాయే మూలం. స్టేజీ మీద ఇరవయ్యో వరసలో కూర్చున్నవాడికి నటుడి కళ్ల కింద ముడత కనిపించదు. క్లోజప్‌లో అదే ముందు కనిపిస్తుంది. ‘ది విజ్’ నాటకంలో డొరొతీ పాత్ర 1975లో టీనేజ్ అమ్మాయి స్టెఫనీ మిల్స్‌ది. 1978 సినిమాకి ముప్ఫై దాటిన డయానా రాస్ వచ్చింది. ఆమె కోసం డొరొతీని 24 ఏళ్ల స్కూల్ టీచర్‌గా మార్చేశారు. ‘హలో డాలీ’లో దీనికి పూర్తిగా ఉల్టా జరిగింది. నడివయసు వితంతువు డాలీగా క్యారొల్ చానింగ్ 1964లో టోనీ గెలిచింది, అదీ బార్బ్రా స్ట్రైసాండ్‌ని ఓడించి. 1969 సినిమాలో డాలీ వేషం పాతికేళ్లు దాటీ దాటని ఆ స్ట్రైసాండ్‌కే ఇచ్చారు.

సరే, స్టేజీ వాళ్లనే పెడితే గొడవ ఉండదా? 2005లో ‘రెంట్’ తీసినప్పుడు 1996 నాటి బృందంలో ముఖ్యులు ఎనిమిది మందిలో ఆరుగురిని తెచ్చారు. కుర్రతనంతో వేగిపోవాల్సిన పాత్రల్లో వాళ్లు పెద్దవాళ్లలా కనిపిస్తున్నారన్నారు. 2021లో ‘డియర్ ఇవాన్ హాన్సెన్’కి ఇంకా గట్టిగా తగిలింది. స్టేజీ మీద అదే వేషానికి టోనీ గెలిచిన బెన్ ప్లాట్ 27 ఏళ్ల వయసులో హైస్కూల్ కుర్రాడిగా కనిపించేసరికి జనం నవ్వుకున్నారు. అసలువాళ్లే కావాలన్న డిమాండ్ తీరిన ఈ రెండుసార్లూ ఇలా అయింది.

ఇప్పుడు దొంగచాటుగా గొంతు మార్చడం బాగా తగ్గింది. 2012లో ‘లే మిజరాబ్’ దర్శకుడు నటుల చెవుల్లో చిన్న ఇయర్‌పీస్ పెట్టి, సెట్ బయట పియానో వాయిస్తుండగా కెమెరా ముందే పాడించాడు. నటించే మనిషి పాట వేగాన్ని తనే నడిపించుకోవచ్చు. ఆన్ హాథవేకి అది ఆస్కార్ తెచ్చింది, రస్సెల్ క్రోకి తిట్లు తెచ్చింది. అంతమాత్రాన గొంతు మార్చడం పూర్తిగా పోయిందని కాదు. 2004 ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’లో మిన్నీ డ్రైవర్‌కి ఆపెరా పాటలు మార్గరెట్ ప్రీస్ పాడింది. చివర్లో పేర్లు పడుతున్నప్పుడు వచ్చే పాటను మాత్రం డ్రైవరే పాడింది.

మార్నీ నిక్సన్‌కీ ఒకసారి తెర మీద చోటు దొరికింది. ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో మఠం సన్యాసినులు మరియా గురించి వాదించుకుంటూ పాడే పాట ఉంది. వాళ్లలో సిస్టర్ సోఫియా ఆమే. ఆ పాటలో ఆమె ముఖమూ ఆమెదే, గొంతూ ఆమెదే. వాళ్లు వాదించుకుంటున్నది జూలీ ఆండ్రూస్ గురించి.