తిండి మాన్పించని పంటి నొప్పి

కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకొచ్చినవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: "నోరు కొంచెం వాసన వస్తోందండీ, తిండి మాత్రం బాగానే తింటోంది." చాలా కుక్కలకు, పిల్లులకు వైద్యం ఆలస్యమయ్యేది ఈ రెండో ముక్కను నమ్మడం వల్లే. పన్ను సలిపితే మనం కంచం పక్కన పెట్టేస్తాం. అవి పెట్టవు. నొప్పి లేని వైపుతో నములుతాయి, లేదా నమలకుండానే మింగేస్తాయి. గిన్నె ఖాళీ అవుతుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

ఎదిగిన కుక్కకు 42 పళ్లుంటాయి, పిల్లికి 30. మనకు పుచ్చినంత ఎక్కువగా ఇవి పుచ్చవు. కుక్క లాలాజలంలో క్షారగుణం మనకంటే ఎక్కువ. పంటిని కరిగించే ఆమ్లాన్ని అది చాలావరకు అణిచేస్తుంది. ఇంత మేలు చేసే గుణమే మరోవైపు కీడూ చేస్తుంది. అలాంటి లాలాజలంలోని కాల్షియం లవణాలు పళ్ల మీద తొందరగా పేరుకుంటాయి. శుభ్రం చేసిన పంటి మీద ఒక్క రోజులోనే బ్యాక్టీరియాతో నిండిన మెత్తని పాచి పడుతుంది. రెండు మూడు రోజుల్లో అది గట్టిపడి గార కావడం మొదలవుతుంది. పాచి బ్రష్‌కు లొంగుతుంది, గార లొంగదు. ఆదివారం స్నానంతో పాటు పళ్లు కూడా తోమేస్తాం అనేవాళ్లకు ఈ లెక్క కుదరదు. తోమితే రోజూ తోమాలి.

కంటికి కనిపించే గార కంటే చిగురు అంచు కిందకు దిగిన పాచి ఎక్కువ ప్రమాదం. దాంతో పోరాడుతూ చిగురు ఎర్రబడి వాస్తుంది. ఈ దశలో శుభ్రం చేస్తే మళ్లీ మామూలవుతుంది. ఆ దశ దాటాక పంటిని పట్టి ఉంచే నారపోగులు, వాటి చుట్టూ ఉన్న ఎముక కరగడం మొదలవుతుంది. ఆ ఎముక దానంతటది తిరిగి రాదు. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించే పామెరేనియన్, షిట్జు లాంటి చిన్న జాతులకు ఈ బాధ మరీ ఎక్కువ. అంత చిన్న నోట్లోనూ అవే 42 పళ్లు ఇరుక్కోవాలి. కొన్నిటికి పాలపళ్లు ఊడకముందే కొత్తవి పక్కన మొలుస్తాయి. ఆ సందుల్లో ఇరికిన తిండి అక్కడే కుళ్లుతుంది. ఆరేడు నెలల వయసుకు కూడా పాలపళ్లు మిగిలి ఉంటే డాక్టరుకు చూపించి తీయించడం మంచిది. చిన్న కుక్క కింది దవడలో చాలా భాగం పంటి వేర్లే ఉంటాయి. రోగం బాగా ముదిరితే చిన్న దెబ్బకే ఆ దవడ విరగొచ్చు.

"రోజూ బొమికలు కొరుకుతుంది, దానికి బ్రష్ ఎందుకు?" అని అడిగేవాళ్లూ ఉంటారు. ఎముక పైపై గారను కొంత గీకుతుంది, నిజమే. చిగురు కింద ఉన్నదాన్ని మాత్రం తాకదు. పైగా కుక్క పంటి ఎనామిల్ మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పై దవడలో మాంసాన్ని కత్తెరలా కోసే పెద్ద పన్ను, మూడు వేర్లున్నది, గట్టి బొమికను కొరికినప్పుడు పెచ్చులా చిట్లుతుంది. లోపలి నాడి బయటపడి చీము పడితే కొన్నాళ్లకు కంటి కింద వాపు తేలుతుంది. ఏదో పురుగు కుట్టిందనుకుంటారు. యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, ఎందుకంటే చీము ఉన్నది పంటి వేరు దగ్గర. గోటితో నొక్కితే కాస్తయినా నొక్కు పడని వస్తువును కుక్క నోటికి ఇవ్వకూడదన్నది పశు దంతవైద్యుల కొండగుర్తు. ఉడికించిన కోడి బొమికలైతే చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి. పెరుగన్నంతో పెరిగే కుక్కకు నమిలే పనే ఉండదు. అలాగని డ్రై ఫుడ్ పెడితే పళ్లు శుభ్రమవుతాయనీ కాదు. మామూలు గుళికలు పన్ను తగలగానే పొడైపోతాయి.

తోమడానికి మన టూత్‌పేస్ట్ వాడొద్దు. కుక్క ఉమ్మలేదు, ఆ పేస్టంతా మింగేస్తుంది. కొన్ని పేస్టుల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్క ఒంట్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి, రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది. ఎక్కువ తింటే కాలేయం కూడా దెబ్బతింటుంది. కుక్కల కోసం మాంసం రుచితో చేసిన పేస్టులు దొరుకుతాయి. మొదట కొన్నాళ్లు పెదవి పైకెత్తి చూడటం, వేలికి గుడ్డ చుట్టి రుద్దడం అలవాటు చేసి, ఆ తర్వాతే మెత్తని బ్రష్ పట్టాలి. బుగ్గల వైపు తోమితే చాలావరకు పని అయినట్టే. చిగుళ్లు ఇప్పటికే ఎర్రగా ఉంటే ముందు డాక్టరుకు చూపించండి. నొప్పి మీద బ్రష్ పెడితే అది ఇక జన్మలో నోరు తెరవనివ్వదు.

గార తీయించడమంటే మత్తు ఇవ్వాల్సిందే. ముసలి కుక్క అయితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ముందు రక్త పరీక్షలు చేస్తే ఆ ప్రమాదం ఎంతో అంచనా వేయొచ్చు. మత్తు లేకుండానే గీకేస్తామనే చోట్ల పళ్లు తెల్లగా అవుతాయి కానీ, చిగురు కింద శుభ్రం చేయడం గానీ ఎక్స్‌రే తీయడం గానీ కుదరదు. రోగం అలాగే ఉంటుంది, మనకు కనిపించే ఆనవాలు మాత్రం పోతుంది. అందుకే అది దండగ ఖర్చని నా అభిప్రాయం.

పిల్లుల సంగతి ఇంకా చిక్కు. వాటి శరీరంలోని కణాలే పంటిని తినేసే జబ్బు ఒకటుంది. వయసు మళ్లిన పిల్లుల్లో ఇది బాగా ఎక్కువ. కారణం ఇంతవరకు తేలలేదు, బ్రష్ దీన్ని ఆపలేదు. చిగురు అంచున ఎర్రని చుక్కలా కనిపించేసరికి లోపల చాలా పోయి ఉంటుంది. ఇంకొన్ని పిల్లులకు నోరంతా పుండై ఆవలించినా అరుస్తాయి. దానికి మందులతో వచ్చే ఉపశమనం తరచూ తాత్కాలికమే. అందుకే దవడ పళ్లన్నీ తీసేయడం దానికి ముఖ్యమైన వైద్యం. వినగానే యజమానుల గుండె గుభేలుమంటుంది. కానీ పిల్లి పళ్లు మాంసం కోయడానికే తప్ప మనలా నమిలి నూరడానికి కావు. పుండ్లు మానాక చాలా పిల్లులు మెత్తని తిండి హాయిగా తింటాయి. కొన్ని గట్టి గుళికలు కూడా తినేస్తాయి, నమలకుండానే.