హైస్కూల్లో స్టాఫ్‌ని నడిపే తీరు, పిల్లల మార్కులు: కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను జడ్పీ హైస్కూల్లో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే మ్యాథ్స్ టీచర్‌గా చేసి తర్వాత హెచ్ఎం (హెడ్మాస్టర్) అయినవాణ్ణి. రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: బాగా చెప్పే సార్‌ని టెన్త్‌కే వేయాలి.

వాస్తవం: హెచ్ఎం అయిన కొత్తలో నేనూ ఇదే చేశాను. మంచి మ్యాథ్స్ సార్‌కి నైన్త్, టెన్త్ ఇచ్చేసి ఆరు, ఏడు తరగతులేమో ఎవరికి పీరియడ్లు తక్కువుంటే వాళ్ళకి సర్దేశాను. మూడేళ్ళకి ఆ పిల్లలే తొమ్మిదికొచ్చారు, భిన్నాలు కూడటం రాదు, మైనస్ గుర్తు కనిపిస్తే ఆగిపోతారు, ఇక ఆయన కొత్త పాఠం చెప్పాలా పాతవి మళ్ళీ మొదలుపెట్టాలా? తప్పు నాదే. ఇప్పుడు సీనియర్లకి ఆరో తరగతి తప్పనిసరిగా వేస్తున్నా, వీలైతే అదే బ్యాచ్‌తో పైకి వెళ్తారు. మొదట్లో ఒప్పుకోలేదు, టెన్త్ చెప్తేనే పేరు కదా, కూర్చుని చాలాసార్లు మాట్లాడాల్సొచ్చింది.

అపోహ: అందరూ టైంకి వస్తే రిజల్ట్ అదే వస్తుంది.

వాస్తవం: టైంకి రావాల్సిందే, కాదనట్లేదు. కానీ టీచర్లు ఫోన్‌కి ముఖం చూపించి వేసే ఫేస్ అటెండెన్స్‌కి క్లాసులో ఏం జరుగుతుందో తెలీదు. ఒక టీచర్ లీవ్ పెట్టిన రోజు ఆ పీరియడ్‌కి ఎవరు వెళ్తున్నారో చూడండి. అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్‌లో లీజర్ (ఖాళీ పీరియడ్) ఉన్నవాళ్ళ పేరు రాసేస్తాం, వాళ్ళెళ్ళి "చప్పుడు చెయ్యకుండా చదూకోండి" అని కూర్చుంటారు, ఆ పీరియడ్ పోయినట్టే. నేనైతే ఆ క్లాసుకి పాఠం చెప్పే వేరే టీచర్నే పంపి వాళ్ళ సబ్జెక్టే చెప్పమంటాను, లీవ్ నుంచి వచ్చినాక ఇద్దరూ పీరియడ్ మార్చుకుంటారు. సిలబస్ మిగిలిపోవడం చాలా తగ్గింది.

అపోహ: టెన్త్ పర్సంటేజ్ చూస్తే టీచర్ ఎలాంటివాడో తెలిసిపోతుంది.

వాస్తవం: ఏపీలో 2022లో పాస్ 67.26 శాతం, 2024లో 86.69 శాతం. రెండేళ్ళలో టీచర్లందరూ మారిపోలేదు కదా, 2022 బ్యాచ్‌కి తొమ్మిదో తరగతి చాలావరకు కరోనాలోనే పోయింది. పైగా పాతికమంది ఉన్న క్లాసులో ఒక్కడు తప్పితే నాలుగు శాతం పడిపోతుంది. దానికి మెమో ఇస్తే వచ్చే ఏడాది ఆ టీచర్ వెనకబడ్డ పిల్లలతో పాస్ మార్కులకి సరిపడా బిట్లు బట్టీ పట్టిస్తాడు, అర్థమయ్యేలా చెప్పే ధైర్యం ఉండదు.

అపోహ: టీచర్లు ఫోన్‌లో చేసే యాప్ ఎంట్రీలు ఎంతసేపు, ఐదు నిమిషాలు.

వాస్తవం: ఐదు నిమిషాలే, కానీ పాఠం మధ్యలో. విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 27 ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులు తప్ప టీచర్లకి వేరే చదువుకి సంబంధంలేని పనులు ఇవ్వకూడదు. ఫోటోలు, ఎంట్రీలు మా దగ్గర లీజర్ పీరియడ్‌లోనే అని స్టాఫ్ మీటింగ్‌లో అందరం కలిసి అనుకున్నాం, పైనుంచి అర్జెంట్ అని ఫోనొస్తే సమాధానం నేనే చెప్పుకుంటాను.