ఏ ల్యాబు అంకెను నమ్మాలి?

2025 ఆగస్టులో ఇండోనేషియా నుంచి అమెరికా చేరిన రొయ్యల్లో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడింది. ఒక నమూనాలో తేలింది కిలోకు సుమారు 68 బెకరెల్‌లు. అంటే కిలో రొయ్యల్లో సెకనుకు 68 సీజియం పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయన్నమాట. అక్కడి ఆహార సంస్థ పెట్టుకున్న జోక్య పరిమితి, అంటే దాటితే చర్య తీసుకునే స్థాయి, కిలోకు 1200 బెకరెల్‌లు. అయినా ఆ సరుకును దేశంలోకి రానివ్వలేదు. నెల్లూరు జిల్లాలో వనామీ సాగు చేసేవాళ్లకు ఇది ఎవరో పరాయివాళ్ల గొడవ కాదు. రేపు ఇక్కడి కంటైనర్‌కూ ఆ పరీక్ష జరిగి, ఇక్కడి ల్యాబు ఒక అంకె, అవతలి రేవులో ల్యాబు మరో అంకె చెబితే నష్టపోయేది రైతే.

రెండు ల్యాబుల్లోనూ మంచి యంత్రాలు ఉండి కూడా అంకెలు తేడా రావచ్చు. సీజియం నుంచి వచ్చే గామా కిరణాలను జెర్మేనియం డిటెక్టర్ లెక్కపెడుతుంది. కానీ దాని కంటపడేవి కొన్నే. మిగతావి ఎంతో లెక్క కట్టడానికి, ముందే విలువ తెలిసిన రేడియోధార్మిక నమూనాతో డిటెక్టర్‌ను సరిచూసుకోవాలి. నమూనా పెట్టిన డబ్బా ఆకారం మారినా, అందులో నమూనా పొడిని దట్టంగా కూరినా ఆ లెక్క మారిపోతుంది. నమూనాను ఆరబెట్టడం మరో చిక్కు. పచ్చి రొయ్యలో ముప్పాతిక వంతు నీరే కాబట్టి, ఎండిన పొడి కిలోకు చెప్పిన అంకె పచ్చి రొయ్య కిలోకు చెప్పినదానికి దాదాపు నాలుగింతలు ఉంటుంది. పచ్చిదా ఎండినదా అన్న ఆ ఒక్క మాట రిపోర్టులో రాయకపోతే మంచి సరుకు మీద కూడా అనుమానం పడుతుంది.

ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయికి వేరే జాగ్రత్త కావాలి. రాతిలోని రేడియంను తరచు దాని తర్వాతి తరం మూలకాల కిరణాలతో కొలుస్తారు. ఆ మధ్యలో పుట్టేది రాడాన్ అనే వాయువు. డబ్బా మూత బిగించి మూడు నాలుగు వారాలు ఆగకపోతే అది జారిపోయి, అంకె తక్కువగా వస్తుంది. (బ్లాక్ గెలాక్సీగా పేరుపడ్డ చీమకుర్తి నల్లరాయి నిజానికి గాబ్రో జాతి శిల. మామూలు గ్రానైట్‌తో పోలిస్తే అందులో యురేనియం, థోరియం తక్కువ. దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.)

అందుకే ల్యాబులకే పరీక్ష పెడతారు. ఒకే పదార్థాన్ని బాగా కలిపి, ఏ సీసాలో చూసినా ఒకేలా ఉందని రూఢి చేసుకుని, విలువ చెప్పకుండా అన్ని ల్యాబులకూ పంపుతారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు ఇందుకోసం ఆస్ట్రియాలోని సైబర్స్‌డార్ఫ్‌లోనూ, సముద్ర నమూనాలకు మొనాకోలోనూ ప్రయోగశాలలున్నాయి. మన దేశంలో రేడియోధార్మికత ప్రమాణాల బాధ్యత ముంబైలోని భాభా అణు పరిశోధనా కేంద్రానిది.

ఈ పరీక్షలో అంకె ఒక్కటే చూడరు, దాని పక్కన ఉన్న ప్లస్ ఆర్ మైనస్ (±)నూ, అంటే అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అనిశ్చితినీ చూస్తారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే. ఒక ల్యాబు 40 ± 3 అంది, ఇంకోటి 46 ± 4 అంది అనుకుందాం. 3, 4ల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 5, ఇది ఉమ్మడి అనిశ్చితి. తేడా 6, అంటే దానికి 1.2 రెట్లే. రెండు రెట్లు దాటలేదు కాబట్టి ఇద్దరి మాటా కలిసినట్టే. అదే 40 ± 1, 46 ± 1 అయితే ఉమ్మడి అనిశ్చితి 1.4 మాత్రమే, తేడా దానికి నాలుగు రెట్లు దాటింది. ఇద్దరిలో కనీసం ఒకరు తప్పు, లేదా తమ కొలత మీద అతి నమ్మకం పెట్టుకున్నారు. లెక్కింపులో 100 కిరణాలే దొరికితే అనిశ్చితి పది శాతం, 10,000 దొరికితే ఒక శాతం. సీజియం తక్కువున్న నమూనాను గంటల తరబడి డిటెక్టర్ మీద ఉంచేది అందుకే. ± లేని రిపోర్టు తీసుకోకండి. ల్యాబు చివరిసారి ఇలాంటి పోలిక పరీక్షలో ఎప్పుడు పాల్గొందో అడిగే హక్కు డబ్బు కట్టినవాళ్లకు ఉంది.

తప్పిన ల్యాబుకు ఆ ఫలితమే దారి చూపిస్తుంది. అన్ని మూలకాలకూ ఒకే శాతం ఎక్కువ వస్తే డిటెక్టర్‌ను సరిచూసిన తీరునో, నమూనా బరువునో అనుమానించాలి. తక్కువ శక్తి కిరణాల దగ్గరే తేడా వస్తే, పొడి తన కిరణాలను తానే మింగేస్తున్న సంగతిని లెక్కలో సరిగా చేర్చలేదేమో చూడాలి. ఎనిమిది రోజుల్లో సగమైపోయే అయోడిన్-131 ఒక్కటే తప్పితే, ముందు చూడాల్సింది ఏ తేదీకి లెక్క కట్టారన్నది.