పిల్లల బట్టలు ఎవరు ఉతకాలి? హాస్టల్ వార్డెన్‌గా నేను రోజూ వినే అపోహలు, వాస్తవాలు

మూడు వారాల కింద ఆదివారం విజిటింగ్ టైంలో ఒక తల్లి వచ్చింది. పార్వతీపురం వైపు ఊరు, తెల్లారకుండా బస్సెక్కి విజయనగరం కాంప్లెక్స్‌లో దిగి ఆటోలో మా హాస్టల్‌కి వచ్చింది. ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో ఖాళీ సంచి. క్యారేజీ కూతురికి, ఆ సంచేమో వారం బట్టలు ఇంటికి మోసుకెళ్ళడానికి, మళ్ళీ వచ్చే ఆదివారం ఉతికి ఇస్త్రీ చేసి తెస్తుంది. ఫస్టియర్‌లో చేరినప్పటి నుంచి ఇదే వరస. "ఎందుకమ్మా ఇంత కష్టం, పాప ఉతుక్కుంటుంది కదా" అన్నాను. "ఏటి మేడమ్, గుంటకి చదువుకే టైం చాలట్లేదు, బట్టలు కూడా ఉతకమంటే ఏటైపోవాలి అది" అంది. ఆవిడ చేతులు చూశాను, సర్ఫు నీళ్ళకి వేళ్ళ సందులు ఒరిసిపోయి ఎర్రగా ఉన్నాయి.

నేను 12 ఏళ్ళుగా ఆడపిల్లల హాస్టళ్ళలో వార్డెన్‌ని, కొన్నాళ్ళు శ్రీకాకుళంలో, ఇప్పుడు ఇక్కడ. ఈ మాట వినని నెల లేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి ఇక రాసి పెట్టేద్దామని కూర్చున్నా.

అపోహ: చదువుకునే పిల్లలకి బట్టల పని పెడితే చదువు పోతుంది, టైమొస్తే అదే వచ్చేస్తుంది.

పిల్లలకి ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను. ముందు టైం లెక్క చూడండి. స్నానానికి వెళ్ళినప్పుడు విప్పిన లోబట్టలు, సాక్సులు అక్కడికక్కడే ఉతికేస్తే 10 నిమిషాలు. ఆదివారం యూనిఫాంలు, నైటీలు ఒక అరగంట నానబెట్టాలి, నానుతున్నంతసేపూ పుస్తకం పట్టుకోవచ్చు ఎవరొద్దన్నారు, తర్వాత ఉతికి జాడించి ఆరేయడానికి ఒక 45 నిమిషాలు. మొత్తం కలిపితే వారానికి రెండు గంటలు కూడా రాదు. కానీ పని రాని పిల్లకి అదే బకెట్ ముందు సగం ఆదివారం పోతుంది. ఎర్ర డ్రెస్సూ తెల్ల చున్నీ ఒకే బకెట్లో వేస్తుంది, నాలుగు చెంచాల పొడి చాలేదానికి గుప్పెళ్ళు గుమ్మరిస్తుంది, పిండడానికి చేతుల్లో పట్టు ఉండదు, నీళ్ళు కారుతుండగానే దండెం మీద పడేస్తుంది, మన దగ్గర వానాకాలం గాల్లో చెమ్మకి అవి మర్నాటికి ఆరవు, తడివే వేసుకుని క్లాసుకి వెళ్తుంది.

తర్వాత ఏమవుతుందో ఒక పాప విషయం చెప్తాను. టెన్త్‌లో మంచి మార్కులు, ఇంట్లో జేబురుమాలు కూడా ఉతికి ఎరగదు. చేరిన నెలన్నరకి రాత్రిళ్ళు నిద్ర పట్టక దొర్లుతోందని పక్క మంచం పిల్ల వచ్చి చెప్పింది. వెళ్ళి చూస్తే ట్రంకు పెట్టె వెనకాల ప్లాస్టిక్ కవరు, మూతి గట్టిగా ముడేసి ఉంది. విప్పితే ముక్కిపోయిన వాసన గుప్పున కొట్టింది, లోపల తడి లోబట్టలు, ఎలాస్టిక్ పొడుగునా నల్లటి బూజు చుక్కలు. ఉతకడం సరిగా రాదు, అందరి ముందూ కుళాయి దగ్గర కూర్చోడానికి సిగ్గు, అమ్మ వచ్చేదాకా దాచేద్దామనుకుంది. ఉన్న రెండు జతలే తడిపొడిగా మార్చి మార్చి కట్టుకుంది. నడుం చుట్టూ తామర అల్లుకుపోయింది. ఊళ్ళో మెడికల్ షాపులో అడిగి తెచ్చిన ట్యూబులు అప్పటికే రెండు ఖాళీ చేసింది, రాసినప్పుడల్లా రెండ్రోజులు తగ్గినట్టే ఉండేదట. స్కిన్ డాక్టర్‌కి చూపిస్తే అందులో స్టెరాయిడ్ ఉంది, అది దురదని తొక్కిపెడుతుంది గానీ ఫంగస్‌ని ఇంకా పెరగనిస్తుంది అన్నారు. తగ్గడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఆ పిల్ల ఏం చదివి ఉంటుందో మీరే ఆలోచించండి, చదువు కోసమే కదా బట్టలు ముట్టనివ్వలేదు.

తల్లి నా ముందు ఏడ్చేసింది. "నీళ్ళు పడలేదేమో అనుకున్నాను మేడమ్" అంది. ఆవిణ్ణి ఒక్క మాట అనడానికి నాకు మనసు రాలేదు, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. మా బాబుకి ఇంటర్ అయ్యేదాకా చొక్కా తీసి చేతికందించడం దగ్గర్నుంచి అన్నీ నేనే. వందమంది పిల్లలకి నేర్పుతూ ఇంట్లోవాణ్ణి వదిలేశాను, డ్యూటీ నుంచి వచ్చాక వాడికి చేయగలిగింది అదొక్కటే అనిపించేది. ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి నెల ఫోన్ చేసి "అమ్మా, కాలరు మురికి ఎలా పోద్ది" అని అడిగాడు. గొంతు చిన్నగా ఉంది. కాలరూ కఫ్‌లూ తడిపి సబ్బు రాసి 10 నిమిషాలు ఒగ్గేయ్, అప్పుడు మెత్తటి బ్రష్‌తో ఒకే వైపుకి తోము, గట్టిగా రుద్దితే పోగు లేచిపోద్ది అని వీడియో కాల్‌లో చూపించాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అపోహ: మగపిల్లాడికి ఈ పనేంటి.

మా నాన్న పొందూరు ఖద్దరు పంచెలు కట్టేవారు. ఆయన పంచె ఆయనే ఉతికి, గంజి పెట్టి, నీడన ఆరేసుకునేవారు, అమ్మని కూడా ముట్టనిచ్చేవారు కాదు. ఇంతకంటే దీని మీద మాట్లాడటం అనవసరం.

అపోహ: 13 దాటాక తల్లి బట్టలు ఉతికిందంటే ఆ పిల్లలు సోమరులైపోతారు.

ఇది కొత్తగా వచ్చింది, ఫోన్లో తిరిగే వీడియోల పుణ్యం. ఎవరో ఏదో వయసు చెప్పేస్తారు, ఇక్కడ తల్లులు భయపడిపోయి నన్ను అడుగుతారు, మేం పిల్లల్ని పాడు చేసేశామా మేడమ్ అని. లేదమ్మా. పిల్లకి జ్వరమొస్తే ఉతకండి, కడుపునొప్పితో పడుకుంటే ఉతకండి, పరీక్షల వారం ఉతికిపెట్టండి, సంక్రాంతికి ఇంటికొస్తే ఆ నాలుగు రోజులూ మీరే చేసి పెట్టండి, ఏమీ అవదు. బట్టలు ఎవరు ఉతుకుతున్నారని కాదు నేను అడిగేది, మీరు లేనిరోజు తనకి చేతనవుతుందా అని. చేతనైన పిల్లకి మీరు నెలంతా ఉతికినా నాకు అభ్యంతరం లేదు.

అపోహ: నెలసరి గుడ్డలు, లోబట్టలు ఎవరి కంటా పడకూడదు, నలుగురి ముందు ఆరేస్తే దోషం.

ఇది విన్నప్పుడు నాకు నిజంగా కోపమొస్తుంది. మంచం కింద, చున్నీ మాటున, బాత్రూం తలుపు వెనక మేకుకి ఆరేసిన గుడ్డ ఆరదు, చెమ్మ పట్టి ఉంటుంది, మళ్ళీ వాడితే ఒరుపూ దురదా ఇన్‌ఫెక్షనూ అన్నీ దాంతోనే. ఎండే మందు. మరక పోవాలంటే ముందు చన్నీళ్ళలో జాడించాలి, వేణ్ణీళ్ళు పోస్తే రక్తం మరక బట్టకి పట్టేస్తుంది, తర్వాత సబ్బుతో ఉతికి బాగా ఎండలో వేయాలి. మా హాస్టల్లో మేడ మీద వీటికోసమే వేరే దండెం కట్టించాను, చుట్టూ గోడ ఉంది, మేడ మీదికి పనివాళ్ళు కూడా రారు. మొదటి వారం ఒక్క పిల్ల కూడా రాలేదు. రెండో వారం నేనే వెళ్ళి నా బట్టలు అక్కడ ఆరేశాను. ఆ సాయంత్రానికి దండెం నిండిపోయింది. అమ్మలూ, ఈ మాట మీరు ఇంటి దగ్గరే చెప్పి పంపితే ఆ వారమైనా కలిసొచ్చేది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మెషిన్ ఉందిగా నేర్చుకోవడమెందుకు అంటారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానప్పుడు నేను సోంపేట దగ్గర మా అక్క ఇంట్లో ఉన్నాను, ఉద్దానంలో కరెంటు స్తంభాలూ కొబ్బరిచెట్లూ ఒకే తీరున పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఇంట్లో మెషిన్ ఉండి ఏం లాభం, నూతి దగ్గర నాతోపాటు బట్టలు ఉతికింది మా అక్క చిన్నకూతురే, పెద్దదానికి రాదు. సర్ఫు ఎంత ఎక్కువేస్తే అంత మురికి పోతుందన్నది కూడా తప్పే, జాడించడం చాలక పొడి బట్టలోనే ఉండిపోతుంది, ఆరాక అట్టలా బిగుసుకుంటుంది, చెమటపట్టగానే దురద. రాత్రిపూట బట్టలు బయట ఉంటే గాలి సోకుతుందంటారు, సోకేది రాత్రి కురిసే మంచు, దాంతో బట్టలు మళ్ళీ చెమ్మవుతాయి, అందుకే సాయంత్రం లోపల తీసేయమంటాను. ఒక్కటి మాత్రం అపోహ కాదు, నిజంగా ప్రమాదం: తెల్లబట్టలకి వేసే బ్లీచింగూ బాత్రూం కడిగే యాసిడూ ఒకే బకెట్లో ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. ఇది పిల్లలకి గట్టిగా చెప్పండి.

నేర్పడం ఎప్పుడు మొదలెట్టాలి అని అడుగుతారు. ఎనిమిదో తరగతిలో జేబురుమాలు, సాక్సులు ఇవ్వండి, తొమ్మిదిలో లోబట్టలు, టెన్త్ పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో మొత్తం బకెట్. పక్కన కూర్చోండి, చేతిలోంచి లాక్కోకండి, మొదట్లో మురికి ఉండిపోతుంది, ఉండనివ్వండి. హాస్టల్‌కి పంపేటప్పుడు రెండు బకెట్లు, ఒక మగ్గు, బ్రష్, రెండు డజన్ల క్లిప్పులు, ఆరు జతలకి తక్కువ కాకుండా లోబట్టలు పెట్టండి, సొంత తువ్వాలు పెట్టండి, ఎవరికీ ఇవ్వొద్దు ఎవరిదీ వాడొద్దు అని చెప్పండి. బకెట్లు రెండెందుకంటే ఒకటి నానబెట్టడానికి, ఒకటి జాడించడానికి, ఒకే బకెట్ ఉన్న పిల్ల సబ్బు నీళ్ళలోంచి తీసి అలాగే ఆరేసేస్తుంది.

పార్వతీపురం తల్లికి ఆ రోజు ఇంతా చెప్పలేదు. వచ్చే ఆదివారం ఒక గంట ముందు రండమ్మా, ఇద్దరూ కుళాయి దగ్గర కూర్చోండి అన్నాను. వచ్చింది. కూతురు రెండు జతలు ఉతికింది, యూనిఫాం ప్యాంటు పిండటం చేతకాకపోతే చెరో కొసా పట్టుకుని మెలి తిప్పారు, మిగతావి తల్లి సంచిలో వేసుకుంది. మొన్న ఆదివారం నాలుగు జతలయ్యాయి. సంచిలో ఇంకా దుప్పట్లు మాత్రం వెళ్తున్నాయి, అవి బరువు, వెళ్ళనీ అన్నాను.